కాలవ కట్ట మీద సైకిలు

సైకిలు తొక్కేవాడికి లోకంలో ముగ్గురు శత్రువులు: ఎదురుగాలి, ఎగువ, లారీ. గాలి దేవుడి చేతిలో వుంది. ఎగువ వస్తే దిగి నడిపించుకు పోవచ్చు. అందులో పరువు తక్కువేమీ లేదు. లారీ విషయంలో మాత్రం సైకిలువాడు చెయ్యగలిగిందల్లా రోడ్డు దిగి పక్కన నిలబడడమే. పల్నాటి రోడ్ల మీద యీ మూడో శత్రువు బలగం రోజు రోజుకూ పెరుగుతున్నది. పిడుగురాళ్ళ సున్నం, దాచేపల్లి సిమెంటు, మాచర్ల నాపరాయి అన్నీ టిప్పర్లెక్కి కదలవలసినవే. అద్దంకి-నార్కెట్‌పల్లి రోడ్డు మీద అరగంట సైకిలు తొక్కి ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుంటే జుట్టంతా తెల్లగా కనపడుతుంది. భయంతో నెరిసింది కాదు లెండి, దుమ్ము.

మా మేనల్లుడు రెండేళ్ళు ఫ్రాన్సులో చదువుకుని వచ్చాడు. వచ్చినవాడు ఈఫిల్ టవరు సంగతి ఎత్తలేదు. "మావయ్యా, అక్కడ ఒక నది పక్కన నాలుగు రోజులు సైకిలు తొక్కాను. హారన్ మోత అన్నది దాదాపు వినలేదు" అన్నాడు. పారిస్ గురించి అడుగుదామని కూచున్న మా ఇంటి ఆడవాళ్ళు కాస్త నిరాశపడ్డారు గానీ, నాకు మాత్రం చెవులు నిక్కపొడుచుకున్నాయి.

ఆ నది పేరు లువార్. ఆ దేశంలో అన్నిటికంటె పొడవైన నది. సుమారు 1,000 కిలోమీటర్లు. మన కృష్ణ 1,400 అనుకోండి. ఆ లువార్ లోయ వెంట అట్లాంటిక్ సముద్రం దాకా 900 కిలోమీటర్ల సైకిలు దారి వున్నది. మొత్తం దారీ మోటార్లు లేనిదేమీ కాదు. కొంత భాగం పల్లెటూళ్ళ చిన్న రోడ్ల మీదుగా పోతుంది. మిగతాది సైకిళ్ళకూ, నడిచేవాళ్ళకూ విడిచిన దారి. వేసవిలో ఆ లోయలో తిరిగే కొన్ని రైళ్ళలో సైకిళ్ళు పెట్టుకోవడానికి ప్రత్యేకంగా చోటు కూడా వుంటుందట. తాతలు, మనవలు, మధ్యలో బుట్టలో కుక్కపిల్లతో సహా బయలుదేరి, రోజుకు నలభై కిలోమీటర్లు తొక్కి, సాయంకాలానికి ఏదో ఒక వూళ్ళో దిగి భోజనం చేస్తారట.

ఇంత పొడుగు దారి వేయడానికి ఎన్ని వేల ఎకరాలు సేకరించారో అని నేను ఆశ్చర్యపోయాను. అక్కడే వుంది అసలు సంగతి. ఆ దారిలో చాలా భాగం లువార్ వరదల నుంచి వూళ్ళను కాపాడడానికి వందల ఏళ్ళ కిందటే పోసిన కట్టలు. దక్షిణ ఫ్రాన్సులో మిదీ కాలవ వున్నది. 1681లో తెరిచారు. దాని గట్టున నడిచే గుర్రాలు మోకులతో పడవలను లాగేవి. గుర్రాలు పోయాయి, గట్టు మిగిలింది. ఇప్పుడు దాని మీద సైకిళ్ళు పోతున్నవి. బర్గండీ ప్రాంతంలో మూతపడిన రైలుదారి పట్టాలు పీకేసి 1997లో సైకిళ్ళకు ఇచ్చారు. అంటే ఏమిటన్నమాట? సైకిలువాడి కోసమని కొత్తగా వేసింది తక్కువ. మరొకరి పని కోసం వేసి, ఆ పని తగ్గిపోగా, సైకిలువాడికి దక్కినదే ఎక్కువ.

ఈ మాట వినగానే నాకు కట్టలు జ్ఞాపకం వచ్చాయి. మనకు కట్టలకేం కరువు? 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయినాక కృష్ణా డెల్టా కాలవల మీద మనుషులే భుజాన మోకు వేసుకుని కట్ట వెంట నడుస్తూ పడవలను లాగేవారు. కొమ్మమూరు కాలవ, బకింగ్‌హాము కాలవ పట్టుకుని పడవలు చెన్నపట్నం దాకా పోయేవి. కాని అది డెల్టా. నా సైకిలు వున్నది పల్నాట్లో. ఇక్కడి కాలవ సంగతి వేరు.

శ్రీనాథ మహాకవి పల్నాడు వచ్చి యిక్కడి నీళ్ళ కరువునూ, జొన్నకూటినీ ఎంతగా ఎగతాళి చేశాడో తెలుగువాళ్ళందరికీ తెలుసు. పల్నాటివాళ్ళకు మరీ బాగా తెలుసు. పక్కనే కృష్ణ పారుతున్నా అది లోతున, రాళ్ళ మధ్య పారుతుంది గనక, పైనున్న చేలకు చుక్క ఎక్కేది కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలవలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలవకు లాల్ బహదూర్ కాలవ అనీ, కుడి కాలవకు జవహర్ కాలవ అనీ పేర్లు పెట్టారు గానీ, మా ప్రాంతంలో ఆ పేర్లతో పిలిచేవాణ్ణి నేను చూడలేదు. అందరికీ అది "సాగర్ కాలవ". ఆ కుడి కాలవ పొడుగు 203 కిలోమీటర్లు. తల దగ్గర 11,000 క్యూసెక్కులు పట్టేటట్టు తవ్వారు. దాని పక్కన కట్ట, కట్ట మీద జీపు పోయేటంత దారి. ఇంజనీర్లు వచ్చి చూసుకోవడానికి, లస్కర్లు తూములు చూసుకుంటూ తిరగడానికి వేసిన దారి.

మన లువార్ దారి అదే. నదిని ఆనుకుని పోదు గానీ, నది నీళ్ళతోనే పోతుంది.

ఈ దారికి ఇంకో సుగుణం వుంది. రోడ్డు వేసే ఇంజనీరు తిన్నగా పోవాలని చూస్తాడు. మిట్ట వస్తే ఎక్కిస్తాడు, పల్లం వస్తే దింపుతాడు. కాలవ వేసే ఇంజనీరుకు ఆ వీలు లేదు. నీళ్ళు ఎగువ ఎక్కవు, పల్లంలో పడితే మళ్ళీ పైకి రావు. అందుకని అతను ఒకే మట్టం పట్టుకుని, మిట్టలను చుట్టి, వంపులు తిరిగి, వున్నదా లేదా అన్నట్టుండే వాలులో కాలవను నడిపిస్తాడు. వాగు అడ్డం వస్తే కాలవను దాని మీదుగా తొట్టిలా కట్టి దాటిస్తాడు, లేకపోతే వాగునే కాలవ కిందనుంచి పోనిస్తాడు. ఇంత అవస్థ పడింది నీళ్ళ కోసం. లాభపడేది సైకిలువాడు. అరవయ్యేళ్ళ మోకాళ్ళు కూడా కట్ట మీద మొరాయించవు. దూరం ఎక్కువవుతుంది, నిజమే. రోడ్డు మీద మూడు మైళ్ళు అయితే కట్ట మీద నాలుగైదు కావచ్చు.

ఒక మార్గశిర మాసంలో, తెల్లవారుజామున మాచర్లలో బయలుదేరాను. ఆనకట్ట దగ్గరనుంచే ఎందుకు మొదలుపెట్టలేదంటారేమో. ఆ వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం వున్నది. అడవి శాఖవారి అనుమతి లేనిదే అక్కడ కాలు పెట్టగూడదు. అనుమతి వున్నా నాకు పులితో పందెం వేసుకునే సరదా లేదు. ఎత్తిపోతల చూడాలనిపిస్తే ముందురోజే బస్సులో వెళ్ళి చూసి రావచ్చు. చంద్రవంక డెబ్బయి అడుగుల ఎత్తు నుంచి దూకే చోటు అది.

చెన్నకేశవస్వామికి బయటినుంచే దణ్ణం పెట్టుకుని, దుర్గి దారి పట్టాను. దుర్గిలో ఉలి చప్పుడు తెల్లవారకుండానే మొదలవుతుంది. రాతి విగ్రహాలు చెక్కే ఇళ్ళు యీనాటికీ వున్నవి. ఆ వూరి దగ్గర కట్ట ఎక్కాను. ఎక్కిన మరుక్షణం చెవుల్లో దూది పెట్టినట్టయింది. రోడ్డు మోత అక్కడే వుంది, నాలుగు చేల అవతల, కాని మనది కాదు. కుడిచేతి వైపు దూరంగా నల్లమల కొండలు నీలంగా. ఎడమచేతి వైపు పల్లంలో మిరప చేలు, పత్తి చేలు. మధ్యలో నిండుగా, నిమ్మళంగా నీళ్ళు. నీటి మీద ఒక వేపకొమ్మ తేలుతూ నాతో పాటే వస్తున్నది. కాసేపు దానితో పోటీ పడ్డాను. నేనే గెలిచాను గానీ, నేను మంచినీళ్ళు తాగడానికి ఆగినప్పుడల్లా అది నన్ను దాటి పోయేది.

కట్ట మీద రాళ్ళ మీద అంకెలు చూడండి, భలే తమాషాగా వుంటాయి. దేశమంతా కిలోమీటర్లకు మారిపోయినా యీ కాలవ మాత్రం మైళ్ళూ ఫర్లాంగులూ వదలలేదు. 85/3 అంటే 85వ మైలు, 3వ ఫర్లాంగు. ప్రకాశం జిల్లావారి వాటా నీళ్ళు కొలిచేది ఆ 85/3 దగ్గరే గనక, నీళ్ళు తక్కువైన సంవత్సరం ఆ అంకె పత్రికల్లో నిత్యం కనపడుతుంది. పైవాళ్ళు తోడేసుకున్నారని కిందివాళ్ళు, కిందకే పోయాయని పైవాళ్ళు. ఆ గొడవ బ్రహ్మనాయుడి నాటి గొడవలా యిప్పట్లో తేలేది కాదు.

ఒక తూము దగ్గర లస్కరు కనిపించాడు. మనిషి సన్నగా, భుజాన తువ్వాలు, చేతిలో షట్టరు తిప్పే ఇనప చెయ్యి. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "యాడికి సారూ?" అన్నాడు.

"కారెంపూడి దాకా."

"బస్సు లేదా?"

బస్సు వుండి కూడా సైకిలు మీద పోయేవాడు అతనికి కొత్త. బీడీ ఇవ్వబోతే వద్దన్నాను, నా దగ్గరున్న అరిసెలు ఇస్తే తీసుకున్నాడు. కాలవ సంగతులు చాలా చెప్పాడు. నేను నా వూహ అంతా చెప్పాను: యీ కట్టను ఫ్రాన్సు వాళ్ళ మాదిరిగా సైకిలు దారి చేస్తే ఎట్లా వుంటుందని. అతను నవ్వలేదు. "తారు ఏపిస్తారా సారూ?" అని అడిగాడు.

నా మనసులో తారు లేదు. తారు వేస్తే మర్నాడు కార్లు వస్తాయి, ఆ మర్నాడు టిప్పర్లు వస్తాయి. ఈ కట్టకు దాని గరుకుదనమే కాపలా. ఆ మాటే చెప్పాను. లస్కరు తల అడ్డంగా వూపాడు. "మీరు ఏడాదికోసారి వచ్చి పోతారు. అర్ధరాత్రి వానలో గండి పడుద్దని కబురొస్తే నేను పరిగెత్తాల. రేగడిలో కాలు ఏస్తే చెప్పు వూడి వస్తది" అన్నాడు. అతని మాటలో తప్పేముంది? రైతులు చెప్పేదీ అదే. మిరపకాయల టిక్కీలు కల్లం నుంచి బయటికి చేర్చాలంటే ట్రాక్టరుకు దారి కావాలి. ట్రాక్టరు పోయిన దారిలో మోకాటి లోతు గాళ్ళు పడతాయి. దానికి విరుగుడు తారే అంటారు.

ఫ్రాన్సులో దీనికి మధ్యే మార్గం చేశారట. సన్న కంకరా ఇసకా కలిపి, నీళ్ళు చల్లి, రోలరుతో గట్టిగా తొక్కించిన దారి చాలాచోట్ల వున్నది. రెండు కొసలా నడుమ స్తంభాలు పాతి వుంటాయి. సైకిలు దూరుతుంది, కారు దూరదు. కాలవ అధికారి జీపు రావాలంటే తాళం తీసి స్తంభం పడుకోబెడతారు. మన కట్ట కూడా జలవనరుల శాఖవారిది. తాళం వాళ్ళ దగ్గరే వుండవచ్చు. గండి రోజున లస్కరు తన మోపెడ్డు మీద పోవడానికి ఆ గట్టి కంకర చాలు. ట్రాక్టరు మాటకు మాత్రం నా దగ్గర సమాధానం లేదు. కల్లాల రోజుల్లో, మాఘ ఫాల్గుణాల్లో, స్తంభాలు తీసివెయ్యవలసిందే నంటాను. ఆ రెండు నెలలూ పంట ముందు, సైకిలు తరవాత.

హైదరాబాదులో 2023 అక్టోబరు 1న బాహ్యవలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. పైన కప్పు, కప్పు మీద ఎండతో కరెంటు చేసే పలకలు. చూడ ముచ్చటగానే వుంటుంది. కాని యిక్కడ 203 కిలోమీటర్ల దారి ఎప్పుడో వేసి వున్నది, కావలసింది కప్పు కాదు.

మరేమిటి కావలసింది? అది నాకు తెలియజెప్పింది లస్కరు కాదు, ముగ్గురు ఆడపిల్లలు. తూము దాటి రెండు ఫర్లాంగులు పోయానో లేదో, ఎదురుగా వస్తున్నారు. బడి దుస్తులు, రెండు జడలు, ముందు బుట్టల్లో పుస్తకాల సంచులు. కొన్నేళ్ళ కిందట రాష్ట్ర ప్రభుత్వం "బడికొస్తా" అనే పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు పంచింది. అందులో ఒక సైకిలు అక్కదట, యిప్పుడు చెల్లెలు తొక్కుతున్నది. ఒకదాని గొలుసు వూడిపోతే నలుగురం కలిసి ఎక్కించాం. చేతులకు నూనె మసి అయినా బడికి వేళవుతున్నదన్న బెంగ తప్ప వాళ్ళకు మరేం లేదు.

"ఏమ్మా, రోడ్డున పోతే దగ్గర గదా?" అన్నాను.

"మూడు కిలోమీటర్లే తాతయ్యా. కట్ట మీద అయిదు."

"మరి?"

"రోడ్డున అయితే మా నాయన సైకిలు తియ్యనియ్యడు. టిప్పర్లు."

రెండో పిల్ల వెంటనే అందుకుంది: "కట్ట మీద అయితే మా అమ్మమ్మ వద్దంటది. కాలవ నిండుగా వుంటే భయం."

నాయన మాటా నిజమే, అమ్మమ్మ మాటా నిజమే. సాగర్ కాలవ చూడడానికి ఎంత నెమ్మదిగా కనపడుతుందో అంత ప్రమాదమైనది. 2010 తరవాత ప్రపంచ బ్యాంకు అప్పుతో కాలవలను బాగుచేసినప్పుడు చాలా దూరం సిమెంటు లైనింగు వేశారు. నీళ్ళు ఇంకకుండా చివరిదాకా పోవడానికి అది మంచిదే. కాని ఆ ఏటవాలు సిమెంటుకు పాచి పడితే చెయ్యి పట్టు దొరకదు. ఈత వచ్చినవాడు కూడా మెట్లు వున్నచోటు దాకా కొట్టుకుపోవలసిందే. నేను కట్ట మీద తొక్కినంతసేపూ నీళ్ళకు అవతలి అంచునే, చేల వైపే పట్టుకుని తొక్కాను. సరదా పడి కట్ట ఎక్కే కుటుంబాలు కూడా అట్లాగే చెయ్యాలి. చిన్నపిల్లలను నీళ్ళు వదిలిన రోజుల్లో తీసుకురాకపోవడమే మేలు.

అయితే మందు మన వూళ్ళోనే వుంది. పల్నాట్లో ఏ చేను చూసినా ముళ్ళకంప కంటె ముందు నాపరాళ్ళ దడి కనపడుతుంది. నడుమెత్తు బండలను వరసగా నిలబెట్టి పాతేస్తారు, తరాలపాటు కదలవు. ఇంటి గోడలకు అవే, కప్పుకు అవే, పశువుల కుడితి తొట్టికి అవే. దారికీ నీళ్ళకూ మధ్య ఆ బండలే ఒక వరస పాతితే? కనీసం బడిపిల్లలు నడిచే వూళ్ళ దగ్గర, వంతెనల దగ్గర, వంపుల దగ్గర? తిరిగి వచ్చేటప్పుడు యీ మాట లస్కరుతో అంటే, అతను కాసేపు ఆలోచించి, "పూడిక తీసే మిషను చెయ్యి ఎట్టా దిగుద్ది సారూ? అక్కడక్కడ సందు వదలాల" అన్నాడు. వదలవచ్చు. ఆ సందులకు గొలుసు వెయ్యవచ్చు. నూటయాభై గజాలకొకచోట నీళ్ళలోకి మెట్లూ, పట్టుకోవడానికి ఇనప కడ్డీ వుంటే అమ్మమ్మ కూడా కొంత మెత్తబడుతుంది.

చెట్లు కూడా వేస్తే బాగుండునని రాయబోయాను. మిదీ కాలవకు అందం తెచ్చినవి రెండు గట్ల మీదా వరస తప్పకుండా పెరిగిన పెద్ద చెట్లు. 2006 నుంచి వాటికి తెగులు తగిలి వేల సంఖ్యలో కొట్టెయ్యవలసి వచ్చింది. ఒకే జాతి చెట్టు వెయ్యడం వల్ల వచ్చిన చిక్కు అది. మన కట్ట మీద మాత్రం ఎవరూ వెయ్యకుండానే సర్కారు తుమ్మ పెరిగింది. నీడ యివ్వదు, ముల్లు యిస్తుంది. కట్టకు దిగువ వాలులో, చేల అంచున, వేపా కానుగా కలిపి వేస్తే పదేళ్ళకు నీడ వస్తుంది. కట్ట నడినెత్తిన వేస్తే వేళ్ళు కట్టను తొలుస్తాయి గనక ఇంజనీర్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు.

కారెంపూడి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మాచర్ల వదిలిన దగ్గరనుంచి, ఆగుళ్ళూ, కబుర్లూ, గొలుసు ఎక్కించడం అన్నీ కలిపి ఆరు గంటలు. నాగులేటి ఒడ్డున వీరుల గుడి దగ్గర చెట్టుకింద నడుం వాల్చాను. పన్నెండో శతాబ్దంలో సవతి అన్నదమ్ములు కొట్టుకుని, గురజాల వైపువారూ మాచర్ల వైపువారూ కలిసి నేలకూలిన చోటు యిదే. ఏటా కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు వుత్సవం జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఆ రోజుల్లో వెళితే పడుకోవడానికి చోటు దొరకడం కష్టం, కాని చూసి తీరవలసిన వుత్సవం. మందపోరు అంటే ముందు సాగేది యుద్ధం కాదు, సహపంక్తి భోజనం. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూచోబెట్టి పెట్టిన చాపకూడు జ్ఞాపకంగా యీనాడూ పెడతారు.

ఇంకొక్క మాట, వెళ్ళదలచినవారికి. మార్గశిరం నుంచి మాఘం దాకా మంచి కాలం. చైత్రం వచ్చిందంటే ఆ పని పెట్టుకోవద్దు. రాష్ట్రంలో ఎక్కడ ఎండ ఎక్కువంటే రేడియోలో మొదట వినపడే పేరు రెంటచింతల, అది యీ పక్కనే. వాన కురిసిన మర్నాడు కూడా వద్దు. రేగడి మట్టి మడ్‌గార్డు లోపల చేరి చక్రాన్ని బిగించేస్తుంది, అప్పుడు సైకిలు మిమ్మల్ని మొయ్యదు, మీరే సైకిలును మొయ్యాలి. గేర్ల సైకిలు అక్కర్లేదు, పాత నల్ల సైకిలు చాలు, టైర్లు లావువి అయితే మేలు. తిరుగు ప్రయాణానికి గురజాల స్టేషనులో గుంటూరు-మాచర్ల రైలు ఎక్కవచ్చు. సైకిలుకు లగేజీ చీటీ రాయించుకోవాలి, కాస్త ముందుగా వెళ్ళండి. తుమ్మముళ్ళు ఎన్ని గుచ్చుకుంటాయో చెప్పలేం గనక గాలిపంపూ, సొల్యూషనూ, పాచీలూ తప్పనిసరి. పాచీలు రెండు డబ్బాలు పెట్టుకోండి. బడి వేళకు కట్ట మీద వుంటే రెండోది ఆ ఆడపిల్లలకు పనికి వస్తుంది.